మంచు బండికి పొడుగు పట్టా

కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు వచ్చే దేశంలో మంచు మీద నడిచే బండి ఎందుకయ్యా అని అడిగితే చెప్పేవాడెవడూ లేడు. డబ్బున్నవాడి ముచ్చట, అంతే. ఒమన్‌లో ఇబ్రా ఊరు దాటాక మొదలయ్యే ఇసకదిబ్బల మధ్య సందర్శకుల కోసం గుడారాలు నడిపే ఖల్ఫాన్‌కు ఆ ముచ్చట పుట్టింది. పుట్టిందే తడవుగా ఎక్కడో చలిదేశంలో ఎవరో వాడి వదిలేసిన స్నోమొబైల్‌ను ఓడెక్కించి తెప్పించుకున్నాడు. ముందు మంచు మీద జారే రెండు స్కీ బద్దలు, వెనక చక్రాలకు బదులు గిరగిరా తిరిగే రబ్బరు పట్టా, మధ్యలో మోటార్‌సైకిలు సీటు. చూస్తే రెండు జంతువుల్ని కోసి ఒకటిగా కుట్టినట్టుండేది.

అది ఇసకలో దిగిన మొదటిరోజే తన గొయ్యి తానే తవ్వుకుని కూర్చుంది. కూర్చోదా మరి! అది అడవి బాటల్లో అణిగి గట్టిపడ్డ మంచు మీద పరిగెత్తడానికి చేసిన బండి. దాని పట్టా పొట్టిది. బరువంతా జానెడు చోట పడితే ఇసక ఎందుకు మోస్తుంది? పొడుగు పట్టా వేస్తే బరువు పరుచుకుని దిబ్బలెక్కుతుందని ఖల్ఫాన్‌కు ఎవరో నూరిపోశారు. ఆయన పట్టా తెప్పించాడు, దాని సరంజామా తెప్పించాడు, అన్నీ కలిపి దేవయ్య పనిచేసే షెడ్డు ముందు దించి, "ఉస్తాద్, యల్లా, తుమ్ బనావ్" అని పని అప్పజెప్పి తన దారిన తాను పోయాడు.

దేవయ్యది జగిత్యాల పక్క పల్లె. పొక్లెయిన్‌లకు చైన్లు విప్పి బిగించడంలోనే తల నెరిసింది. చైనుతో నడిచేది ఏదైనా ఆయన చేతికి రావలసిందే. పక్కన పనిచేసే రఘుపతి ఆయనకు అక్క గౌరవ్వ కొడుకు, పైగా కూతురు రజితకు మొగుడు. మేనల్లుడూ వాడే, అల్లుడూ వాడే. వాణ్ని ఒమన్ తెచ్చింది కూడా దేవయ్యే. రజితకు అది బొత్తిగా ఇష్టం లేదు. బయల్దేరే ముందు తండ్రిని పక్కకు పిలిచి, "బాపూ, ఆయనకు తొందరెక్కువ. బండి కనపడితే ఒళ్ళు మరుస్తడు. నువ్వే తోలుకపోతున్నవ్, నువ్వే తోలుకరావాలె" అంది. సరేనన్నాడు. ఆ మాట ఇచ్చిన దగ్గర్నుంచి ఆయనకు కంటినిండా నిద్ర లేదు. వాడు నిచ్చెనెక్కినా భయమే, రోడ్డు దాటినా భయమే. గడ్డాలు వచ్చినవాణ్ని పసిపిల్లాడిలా కాపలా కాస్తున్నాడని షెడ్డులో అందరూ నవ్వేవారు. నవ్వుకోనీ, ఆయనకేం!

పాత పట్టా విప్పడం ఎంతసేపు, కొత్తది ఎక్కించడంలోనే ఉంది తిప్పలంతా. పట్టా పొడుగైతే లోపల అది తిరిగే ఇనప కమ్మీలు కూడా పొడుగవ్వాలి కదా. వెనకవైపు ఇనప ముక్కలు పెట్టి, బోల్టులు బిగించి వాటిని సాగదీశారు. బండి వెనక రేకు కూడా అంతమేర పొడిగించారు, లేకపోతే ఇసకంతా ఎగిరి నడిపేవాడి వీపున పడుతుంది. ఇంకో పీడ ఏమిటంటే, ఈ పట్టా లోపల ప్లాస్టిక్ బద్దల మీద జారుతూ తిరుగుతుంది. చలిదేశంలో మంచు తగిలి అవి చల్లగా ఉంటాయి. ఇక్కడేం తగులుతుంది, తలకాయ? నాలుగడుగులు వేసేసరికి కరిగి ముద్దవుతాయి. అందుకని దేవయ్య పట్టా బరువు బద్దల మీద పడకుండా అదనంగా చిన్న చక్రాలు బిగించాడు, ఇంజనుకు పాత కారు రేడియేటర్ తగిలించాడు.

పిక్అప్ డ్రైవర్ ఖాదర్‌వలి కడప మనిషి. టీ గ్లాసు పట్టుకుని వచ్చి గుమ్మంలో చతికిలబడి ఒకటే నవ్వు. "ఏం ఉస్తాదూ, ఈడ ఐసు యాడుందప్పా? దీన్ని యాడ తోల్తారు, ఫ్రిజ్జులోనా?"

"నవ్వు, నవ్వు. రేపు దిబ్బ మీదికి ఎక్కినంక నీ పిక్అప్‌ను దీనికే కట్టి గుంజుత" అన్నాడు రఘుపతి.

వెనక భాగం స్టాండు మీద లేపి, పట్టా తిప్పి చూశారు. రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉండాలి. ఒక పక్కకు లాగితే అటు ఇరుసు బోల్టు అరచుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. మరీ బిగిస్తే బేరింగులు తింటుంది, వదులైతే తిప్పే చక్రం పళ్ళ మీద ఎగురుతుంది. దేవయ్య బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, గంటలకొద్దీ అదే పని. ఎంత సరిచేసినా ఒక చక్రం దగ్గర చిన్న టిక్కుమనే చప్పుడు మాత్రం పోలేదు. తిరిగినప్పుడల్లా టిక్. ఆయనకది పంటికింద రాయిలా ఉంది.

"ఇను అల్లుడా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "గీ పట్టాతోని బండి ఎక్కుతది. గని మలుపుకు మొండికేస్తది. పొడుగయ్యింది గదా, ముక్కు తిప్పితే తిరగది, ముందటికే పోతది. రివర్స్ గేర్ లేనే లేదు. గందుకే నేను చెప్పేదాక దాని మీద కూసోకు."

"నాకు తెల్వదా మామా" అన్నాడు రఘుపతి. తెలిసినవాడు అలా అనడు.

గురువారం సాయంత్రం గుడారాల దగ్గరికి తీసుకెళ్ళి, పెద్ద దిబ్బ అడుగున చదును నేల మీద దేవయ్య తానే నడిపి చూశాడు. పట్టా ఇసకను ఎంచక్కా పట్టింది. గొయ్యి లేదు, కూరుకోవడం లేదు. చాలనుకుని ఇంజను ఆపేశాడు.

చప్పుడు ఆగలేదు.

తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. అయినా బండి నడుస్తున్న మోత వస్తూనే ఉంది, ఎదురుగా ఉన్న దిబ్బలోంచి. "అది అంతేలే ఉస్తాదూ" అన్నాడు ఖాదర్‌వలి. "ఇసక జారితే ఆ దిబ్బ మోగుతాది. ఈడి అరబ్బులకు కొత్తేం గాదు. చూడనీకి జనాలు కార్లేసుకుని వస్తారు." రఘుపతి ఈల వేశాడు. దేవయ్య మాత్రం చెవి రిక్కించాడు. ఇసక మోగితే మోగనీ, దానికేం. కానీ ఆ మోతలో టిక్కుమనే చప్పుడు కూడా ఉంది. తన బండి చక్రం చప్పుడు, తిరిగినప్పుడల్లా ఒకటి. మోగే దిబ్బకు ఆ టిక్కు ఎక్కడిది?

ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. "ఉస్తాద్‌కు చాదస్తం వచ్చింది" అంటారు. ఆ ఒక్క మాటకు జంకి నోరు మూసుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఖల్ఫాన్ చుట్టాలందరినీ వెంటేసుకుని వేడుక చూడడానికి వస్తానన్నాడు. ఖాదర్‌వలి మామా అల్లుళ్ళనీ బండినీ దిబ్బ దగ్గర దించి, తానూ నమాజుకని ఊళ్ళోకి పోయాడు. గుడారాల దగ్గర నరపురుగు లేదు. చలికాలమే అయినా నడినెత్తిన ఎండ, ఇసకంతా తెల్లగా కొడుతోంది. గాలి ఆడడం లేదు. ఫోనులో సిగ్నల్ లేదు. దేవయ్య స్పానర్‌తో పట్టా బిగువు చివరిసారి చూసి, తాళంచెవి బండికే వదిలి, చేతులు కడుక్కుందామని గుడారం వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళాడు.

వెనక బండి స్టార్టయింది.

"ఒక్క రౌండే మామా! గిట్ల పోయి గట్లస్త!"

తడి చేతులతో పరిగెత్తుకొచ్చేసరికి రఘుపతి దిబ్బ సగానికి ఎక్కేశాడు. ఎక్కడం ఎలా ఎక్కుతోందీ! పాములా పాకుతూ, ఎక్కడా తడబడకుండా. దేవయ్యకు ఒకపక్క ఒళ్ళు మండిపోతోంది, ఇంకోపక్క తన పని చూసి ఛాతీ పొంగుతోంది. దిబ్బ కొస మీద అడ్డంగా తిప్పుకుని దిగుతాడనుకున్నాడు. రఘుపతి హ్యాండిల్ తిప్పాడు కూడా. బండి తిరగలేదు. ముక్కు పక్కకు చూస్తుండగానే పొడుగు పట్టా దాన్ని ముందుకే తోసుకుపోయింది. మనిషీ బండీ కొస దాటి అవతలికి దిగిపోయారు.

చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నడుస్తోంది కదా, చుట్టు తిరిగి వస్తాడులే అని దేవయ్య నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వచ్చాక ఏమేం తిట్టాలో వరసగా అనుకున్నాడు కూడా. తిట్లన్నీ అయిపోయాయి గానీ వాడు రాలేదు. చప్పుడు పెరగడం లేదు, తగ్గడం లేదు. దగ్గరికొచ్చే బండి మోత పెరగాలి, దూరమయ్యేది తగ్గాలి. ఇది ఉన్నచోటే ఉంది. అప్పుడు తెలిసింది. అది బండి కాదు. బండి ఎప్పుడో ఆగిపోయింది. ఇది దిబ్బ.

చెప్పులు జారిపోతే వదిలేసి, పట్టా వేసిన గీత వెంట చేతులూ కాళ్ళూ ఆనించి ఎక్కాడు. కొస మీదికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. అవతల పెద్ద పళ్ళెంలాంటి లోయ, అడుగున గట్టి నేల. పట్టా గీత కిందికి దిగి ఆ గట్టి నేల దగ్గర మాయమైంది. ఎడమ వైపు ఇంకో దిబ్బ, నిలువుగా, గోడలా ఉంది. కుడివైపు ముళ్ళపొదలు, వాటి వెనక ఇసక మేటలు. బండి జాడ లేదు. మోత హఠాత్తుగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం చెవులకు నొప్పి పుట్టించింది.

"మామా!"

ఎడమ దిబ్బ వైపు నుంచి వచ్చింది. రఘుపతి గొంతే. పలకడానికి నోరు తెరిచాడు దేవయ్య, తెరిచి మూసుకున్నాడు. తెరిచిన నోటిని మూయించింది అక్క గౌరవ్వ మాట. చిన్నప్పుడు ఆయన్ను, ఆ తర్వాత రఘుపతిని కూర్చోబెట్టి ఆమె నేర్పిన సంగతి ఒకటుంది. మిట్టపగలు మనిషి కనపడకుండా పిలుపు వినపడితే వెంటనే పలకవద్దు. గాలి పిలిస్తే రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిచేది మనిషే. మూడుకు ముందే పలికావా, దాని వెంట పోయినట్టే. ఊళ్ళో అందరూ పాటించేదే. చేను గట్టున నిలబడి, మూడో పిలుపు కోసం చూసి చూసి పలికిన రోజులు ఆయనకెన్నో ఉన్నాయి.

"మామా!"

రెండు. అయ్యో, వాడేనేమో! కాలో చెయ్యో విరిగి పడి ఉన్నాడేమో! తాను ఇక్కడ లెక్కపెట్టుకుంటూ నిలబడితే ఎలా? పళ్ళు బిగబట్టుకున్నాడు. రజిత ముఖం కళ్ళముందు కదిలింది. ఇంకొక్కసారి పిలువు బిడ్డా, ఇంకొక్కసారి, నీ కాళ్ళు మొక్కుతా.

"మామా!"

మూడు! దేవయ్య ప్రాణం లేచి వచ్చింది. "ఆఁ! అస్తున్న! అస్తున్న అల్లుడా!" అని గొంతు చించుకుని అరిచాడు. లోయలోకి జారి, ఎడమ దిబ్బకేసి పరిగెత్తాడు. దిబ్బ అడుగున ఇసక మెత్తగా ఉంది, మోకాళ్ళ దాకా దిగబడింది. పైనుంచి సన్నగా ఇసక జారుతోంది. "మామా" అని మళ్ళీ వినిపించింది, ఈసారి దగ్గరగా, లోపలి నుంచి. "మామా", "మామా". ఆ పిలుపులన్నీ ఒక్కటే తీరు. మొదటి పిలుపులో ఎక్కడ గొంతు జీరబోయిందో ప్రతి పిలుపులోనూ అక్కడే జీరబోతోంది. దేవయ్య చెవికి అది తెలుస్తూనే ఉంది, కాళ్ళు మాత్రం ఆగలేదు. మూడోసారి పిలిచింది కదా. మూడోసారి పిలిచేది మనిషే కదా.

"దేవయ్యా!"

కాళ్ళు ఆగిపోయాయి.

వెనక నుంచి వచ్చింది ఆ కేక. ఇబ్రాలో ఆయనకు పేరు లేదు, అందరికీ ఉస్తాద్. ఇంట్లో బాపు, మామ, అక్కకు తమ్మి. నోరారా పేరు పెట్టి పిలిచిన తండ్రి కాలంచేసి ఎంత కాలమైందో! ఒంటి పేరుతో, అంత మోటుగా, గేదెను అదిలించినట్టు ఎవడురా పిలిచింది? ఒక్క క్షణం ఆయనకు కోపమే వచ్చింది. ఆ కోపంతోనే వెనక్కి తిరిగాడు.

"దేవయ్యా! ఓ దేవయ్యా! ఇటు సూడు!"

కుడివైపు ముళ్ళపొదల వెనక ఒక చెయ్యి ఊగుతోంది.

దిగబడ్డ కాళ్ళు లాక్కుని అటు నాలుగు అంగలు వేశాడో లేదో, వెనక దిబ్బ కదిలింది. గోడంత ఇసక ఒక్కసారిగా, పాత ఇల్లు కూలినట్టు, ఆయన నిలబడ్డ చోటును కప్పేసింది. భూమి మోగింది, పళ్ళు అదిరాయి. దేవయ్య తిరిగి చూడలేదు.

బండి పొద వెనక పక్కకు ఒరిగి ఉంది. రఘుపతి దాని కింద ఉన్నాడు. ఒక కాలు పట్టాకూ కమ్మీలకూ మధ్య ఇరుక్కుంది, సరిగ్గా కొత్తగా పొడిగించిన చోట. ముఖమంతా ఇసక, పెదాలు పగిలి నెత్తురు. మామను చూడగానే గోడుగోడున ఏడ్చాడు.

"పేరు వెట్టి పిలిసిన మామా. తప్పయింది. నా నోరు వడిపోను."

"పిలువురా. ఎన్నిసార్లన్న పిలువు" అన్నాడు దేవయ్య. ఆయనకూ ఏడుపు ఆగలేదు. జేబులోంచి స్పానర్ తీసి ఇరుసు బోల్టుల మీద పడ్డాడు. గంటలకొద్దీ బోర్లా పడుకుని సరిచూసిన బిగువంతా తన చేత్తోనే వదులు చేశాడు. స్పానర్ రెండుసార్లు జారింది.

"ముందుగాల నేను పిలిసింది ఒక్కసారే" అన్నాడు రఘుపతి, మాట మాటకూ ఆగుతూ. "పడంగనే మామా అని ఒర్రిన, అంతే. అటెన్క అది వట్టుకున్నది. నా గొంతుతోనే. రెండోసారి, మూడోసారి... నువ్వు ఆగుతవ్ అనుకున్న. మూడయినంక ఉరికినవ్. నేను గూడ మామా అని ఒర్రిన. నీకు రెండూ ఒక్కతీర్గనే ఇనవడ్డయి గావచ్చు, ఎనక్కి మర్రి సూడలే. మామా అంటే ఆగవని తెలిసింది. ఇగ ఏమని పిలుద్దు? నీ పేరు నేనెన్నడు అన్లే. నేను అననిది దానికెట్లొస్తది?"

బోల్టు ఊడింది. పట్టా వదులై వేలాడింది. దేవయ్య రెండు చేతులతో దాన్ని ఎత్తిపట్టి, "గుంజు రఘుపతీ, గుంజు" అన్నాడు. రఘుపతి కేక పెట్టి కాలు లాక్కున్నాడు. పిక్క కింద ఎముక విరిగినట్టుంది, పాదం ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. అయినా కాలు ఉంది, మనిషి ఉన్నాడు. అది చాలు, అదే పదివేలు.

తలపాగా గుడ్డ చించి కాలికి కట్టి, అల్లుణ్ని వీపున వేసుకున్నాడు. బండి అక్కడే పడి ఉంది. దాని మొహం కూడా చూడలేదు. వచ్చిన దిబ్బ మళ్ళీ ఎక్కడం తన వల్ల కాదు, అందుకని లోయ వెంట చుట్టు తిరిగిపోయే దారి పట్టాడు. దూరంగా, దిబ్బల సందులో, ఖాదర్‌వలి పిక్అప్ తెల్లగా కనిపించింది, దుమ్ము రేపుకుంటూ వస్తోంది. యాభై దాటిన నడుము, పడుచువాడి బరువు, కాళ్ళ కింద నిలవని ఇసక. "ఉన్నవా రఘుపతీ" అని అడుగుతున్నాడు, "ఉన్న మామా" అని వాడు చెవిలో గొణుగుతున్నాడు. అలా మాట్లాడుకుంటూ పొదలు దాటారు.

"దేవయ్యా!"

వెనక నుంచి. రఘుపతి గొంతు. మోటుగా, గేదెను అదిలించినట్టు.

వీపు మీద ఉన్నవాడి గడ్డం దేవయ్య భుజానికి ఆని ఉంది. ఆ నోరు కదలలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. దేవయ్య అడుగు తడబడింది. ఇందాక ఆ పిలుపుకే ఆగాడు, ఆ పిలుపుకే బతికాడు. మెడ దానంతట అది వెనక్కి తిరగబోయింది.

"దేవయ్యా! ఓ దేవయ్యా! ఇటు సూడు!"

రఘుపతి మెడ చుట్టూ వేసుకున్న చేతులు తీసి, మామ చెవులు రెండూ గట్టిగా మూశాడు. పట్టు వదలడంతో ఒళ్ళు వెనక్కి జారింది, విరిగిన కాలు ఊగి ప్రాణం విలవిల్లాడింది. అయినా చేతులు తియ్యలేదు. దేవయ్య ముందుకు వంగి, వాడి తొడలు బిగించి పట్టుకుని, పిక్అప్ వైపు నడిచాడు. ఇప్పుడాయనకు వినిపించేది తన ఊపిరి ఒక్కటే.

వెనక పిలుపు మారింది. ఇందాక పట్టా ఎత్తిపట్టి మామ అన్న మాటే, మామ గొంతుతోనే, ఎంతో ప్రేమగా.

"గుంజు రఘుపతీ... ఉన్నవా రఘుపతీ..."

రఘుపతి పెదవి కొరికి కళ్ళు మూసుకున్నాడు. తన చెవులు మూసుకోవడానికి వాడికి ఇంకో రెండు చేతులు లేవు. మామ నడుస్తూనే ఉన్నాడు.